తడిక మీద ఏడేళ్ల షిఫ్టులు

కంప్యూటర్ల చరిత్ర రాసేవాళ్ళకు ఇల్లందు గుర్తుకు రాదు. వాళ్ళ పుస్తకాల్లో బీరువాలంత యంత్రాలుంటాయి, వాటి పక్కన టై కట్టుకున్న మగవాళ్ళు నవ్వుతూ నిలబడి ఉంటారు. ఆ గది తుడిచిన మనిషి ఏ ఫొటోలోనూ కనిపించదు. కనిపించకపోతే పోనీ, ధరావత్ లాలి ఫొటో కోసం బతికిన మనిషి కాదు. కానీ తాను చేసిన పనిని చేయలేదని కాగితం మీద రాస్తే మాత్రం ఊరుకునే రకం కాదు. రాసినవాళ్ళకు ఆ సంగతి కాస్త ఆలస్యంగా తెలిసొచ్చింది.

లాలిది టేకులపల్లి అవతల అడవిని ఆనుకున్న తండా. భర్త దేవ్‌సింగ్ ఇల్లందు బాయిలో, అంటే గనిలో, బొగ్గు ఎత్తేవాడు. 1975లో బాయి లోపల కప్పు కూలి చనిపోయాడు. భర్త పోతే భార్యకు ఉద్యోగం ఇవ్వడం బొగ్గు కంపెనీలో ఉన్న పద్ధతే. ఆడవాళ్ళను బాయిలోకి దింపరు కాబట్టి 'జనరల్ మజ్దూర్', అంటే ఏ పనైనా చేసే కూలీ, అని ఒక కాగితం చేతిలో పెట్టి, వర్క్‌షాప్ వెనక కొత్తగా కట్టిన కంప్యూటర్ గదికి పంపారు. అప్పటికి ఆమెకు ఇరవై మూడేళ్ళు. కంప్యూటర్ అంటే ఏమిటో ఆమెకే కాదు, ఆ కాగితం టైపు చేసిన గుమాస్తాకూ తెలియదు.

ఆ గదికి అసలు శత్రువు బొగ్గు దుమ్ము. ఇల్లందులో అది పడని చోటు లేదు. ఆరేసిన బట్టల మీద, మూత తీసిన అన్నం మీద, పసిపిల్లల కనురెప్పల మీద కూడా పడేది. కంప్యూటర్ గదికి మాత్రం రెండు వరసల అద్దాల తలుపులు పెట్టి, లోపల చల్లగాలి యంత్రాలు పెట్టారు. ఎంత పెద్ద ఆఫీసరైనా చెప్పులు బయట విడిచి రావలసిందే. అయినా సందుల్లోంచి దూరే దుమ్మును గంటకోసారి తుడవడం లాలి పని. టేపులు తిరిగే చోట స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో మెత్తగా రుద్దాలి. ఆ పని ఆమెకు నేర్పింది ఆపరేటర్ విశ్వనాథం. ఆయనది తెనాలి వైపు ఊరు. మంచివాడే, కానీ కుర్చీలో పది నిమిషాలు కుదురుగా కూర్చోలేడు.

చాలా ఏళ్ళ తర్వాత హైదరాబాద్ నుంచి ఒక పత్రికాయన వచ్చి, మీ లంబాడీ ఆడవాళ్ళ అద్దాల కుట్టుపని వల్లే మీకు కంప్యూటర్‌కు పెట్టే కార్డుల మీది చిల్లులు సులువుగా అర్థమై ఉంటాయి కదా అని తానే జవాబు తయారుచేసుకుని అడిగాడు. లాలికి ఒళ్ళు మండింది. ఆమెకు సూదిలో దారం ఎక్కించడం కూడా సరిగ్గా రాదు. పెళ్ళికి ముందు తల్లి ఎన్ని తిట్లు తిట్టినా రాలేదు.

"కుట్టుపని గాదు, తట్టుపని గాదు. ఆరేండ్లు నిలబడి జూసిన. కాళ్ళు వాసేదాంక జూసిన. గట్ల వచ్చింది," అంది. పత్రికాయన ఆ ముక్క రాసుకోలేదు.

నిలబడి చూసిందేమిటంటే, మొదటి యంత్రం. దాన్ని ఏదో పెద్ద ఆఫీసు వాడి వదిలేస్తే కంపెనీ కొన్నది. అది పని చేస్తుందే గానీ ఏ పని ఎప్పుడు చేయాలో దానికి తెలియదు. జీతాల లెక్కయినా, బొగ్గు లెక్కయినా, ప్రతి పనికీ అట్టల కార్డుల పెట్టె ఒకటి. ఆ కార్డులకు చిల్లులు. ఆపరేటర్ ఒక పెట్టెడు కార్డులు లోపలికి తినిపించి, మీటలు వేసి, దీపాలు చూసి, అది ఆగితే ఎందుకాగిందో తానే కనుక్కుని మళ్ళీ తోయాలి. రెండు పనుల మధ్య అంత పెద్ద యంత్రమూ ఊరికే కూర్చునేది.

కార్డులకు వరస తప్పితే పని మొత్తం పోయినట్టే. 1977లో ఒకరోజు విశ్వనాథం చేతిలోంచి పెట్టె జారి కార్డులన్నీ నేల మీద పరుచుకున్నాయి. వాటిని మళ్ళీ వరసలో పెట్టడానికి ఇద్దరు మనుషులకు రోజున్నర పట్టింది. మర్నాడు లాలి కార్డులన్నిటినీ కట్టగా నిలబెట్టి, పై అంచు మీద ఈ చివర నుంచి ఆ చివరకు ఏటవాలుగా ఒక గీత గీసింది. ఏ కార్డు తప్పినా గీత తెగుతుంది, చూడగానే తెలుస్తుంది. ఆలోచన బాగానే ఉంది గానీ గీసింది బొగ్గు ముక్కతో. బొగ్గు పొడి రాకుండా లక్షలు పెట్టి కట్టిన గదిలోకి ఆమె కొంగున బొగ్గు ముక్క కట్టుకుని వచ్చింది. విశ్వనాథం నెత్తి కొట్టుకున్నాడు. తర్వాత ఎర్ర పెన్సిల్ తెచ్చి అదే గీత అన్ని పెట్టెల మీదా గీశాడు. దాన్ని చూసి మేనేజర్ చక్రపాణి ఆయన్నే మెచ్చుకున్నాడు. విశ్వనాథం నవ్వి ఊరుకున్నాడు. లాలి కూడా అప్పటికి ఊరుకుంది.

1981లో రెండో యంత్రం వచ్చింది. దీనికి ఆపరేటింగ్ సిస్టమ్ ఉందని ఆఫీసర్లు పండగ చేసుకున్నారు. అదేంది సారు అని లాలి అడిగితే విశ్వనాథం గోడ గడియారం చూసుకుంటూ చెప్పాడు.

"మీ బాయిలో సర్దార్ ఉంటాడు చూడు. ఆయన బొగ్గు తవ్వడు. ఎవరు ఏ చోటికి వెళ్ళాలి, ఎవరు ఆగాలి, ఏ బొగ్గు టబ్బు ముందు కదలాలి, అన్నీ చెబుతాడు. ఇదీ అంతే. మిషిన్ లోపల కూర్చున్న సర్దార్."

లాలికి ఇంక వేరే పాఠం అక్కర్లేకపోయింది. సర్దార్ ఎలాంటివాడో చెప్పి దేవ్‌సింగ్ రోజూ ఇంటికొచ్చి తిట్టుకునేవాడు. పనులన్నీ వరసలో నిలబెట్టి, ఒకదానికి టేపు దొరికేలోపు ఇంకోదాన్ని నడిపించే పెద్దమనిషి అన్నమాట. ఈ సర్దార్ చేతికి ఒక టైపు మిషన్ ఉంది. దానికేం కావాలో గంట, నిమిషంతో సహా కాగితం మీద తానే కొట్టి అడుగుతుంది. ఆపరేటర్ ఇచ్చిన జవాబు కూడా ఆ కాగితం మీదే పడుతుంది. ఏదీ మరిచిపోదు, ఎవరి మొహమాటానికీ ఒక వరస తగ్గించదు. షిఫ్టు మొదట్లో ఆపరేటర్ తన పొడి అక్షరాలు కొట్టాలి. విశ్వనాథానివి కె, వి, ఎన్.

అక్కడే కథ మొదలైంది. విశ్వనాథం ఇన్సూరెన్స్ పాలసీలు కూడా చేయించేవాడు. ఆయన షిఫ్టు మధ్యాహ్నం రెండింటికి మొదలయ్యేది, ఆయన తిరుగుడు రెండుంపావుకు మొదలయ్యేది. లాలికి మూడు మీటలు చూపించి, "ఈ మూడూ వరసగా కొట్టు. తర్వాత అది ఏ టేపు అడిగితే ఆ టేపు వెయ్యి. ఏదైనా తేడా వస్తే మాత్రం ముట్టుకోకు, నేను వచ్చేస్తా," అనేవాడు. మొదట్లో గంటలో వచ్చేవాడు. తర్వాత చీకటి పడ్డాక వచ్చేవాడు. ఆ తర్వాత మర్నాడు వచ్చేవాడు. తేడాలు ఆయన కోసం ఆగవు కదా. వాటిని కూడా లాలే సరిచేసుకోవడం నేర్చింది.

ఆమెకు తెలుగు ఓనమాలు రావు. జీతం దగ్గర బొటనవేలే. కానీ యంత్రం కొట్టే ఇంగ్లీషు మాటల్లో అరవై దాకా చూపుకు పట్టేశాయి. ఏది వస్తే టేపు మార్చాలో, ఏది వస్తే ప్రింటర్‌లో కాగితం అయిపోయినట్టో, ఏది వస్తే చేతులు వెనక్కి తీసుకుని మొదటినుంచి మొదలుపెట్టాలో ఆమెకు తెలుసు. బస్సు బోర్డు చదవలేని మనిషి పెద్ద కంప్యూటర్‌తో రోజుకు ఎనిమిది గంటలు మాట్లాడేది. నమ్మనివాళ్ళు నమ్మకండి, ఆమె పని ఆగలేదు.

ఆ గదిలో వాడేసిన కాగితాలకు కూడా ఒక వరస ఉండేది. ప్రింటర్‌లోంచి వచ్చే వెడల్పు కాగితాలను ఆఫీసర్లు తీసుకెళ్ళేవారు, వెనక వైపు పిల్లలు లెక్కలు చేసుకుంటారని. టైపు మిషన్ కొట్టిన సన్న కాగితం రెండు వైపులా మసిబారి ఉంటుంది కాబట్టి ఎవరికీ పట్టేది కాదు. దాన్ని మూడు నెలలు దాచి, తర్వాత బాయిలర్‌లో వేయాలని రూలు. వేయవలసింది లాలి. మంచి కాగితాన్ని మంటలో వేయడానికి ఆమెకు చేతులు రాలేదు. కట్టలు కట్టి తండాకు మోసుకెళ్ళి, చింతగింజల జిగురుతో ఇంటి వెదురు తడికలకు అంటించేది. చలిగాలి రాదు, అంతే. ఏటా వానలకు ముందు ఒక తడిక, ఆ ఏటి కాగితాలు వచ్చిన వరసలోనే. అత్త రూప్లి ఆ తడికకు వీపు ఆనించి కూర్చుని, ఇల్లు ఇప్పుడు వెచ్చగా ఉందని మెచ్చుకునేది.

1984 మాఘంలో విశ్వనాథం కుటుంబంతో కాశీకి పోయాడు. పదిహేడు రోజులు సెలవు. బదులు మనిషి కోసం హైదరాబాద్‌కు రాయాలంటే చక్రపాణికి బద్ధకం వేసింది. "లాలి ఉందిగా, చూసుకుంటుంది," అన్నాడు. చూసుకుంది. పదిహేడు షిఫ్టులూ, నెలాఖరు పెద్ద పనితో సహా. ఆ ఏడాది ఒక్క షిఫ్టు కూడా నష్టపోని కేంద్రమని చక్రపాణికి మెప్పు కాగితం వచ్చింది. దానికి అద్దం కట్టించి గోడకు తగిలించాడు. ఆ అద్దం మీది దుమ్ము కూడా లాలే తుడిచేది.

1988లో కంపెనీ ఒక సర్క్యులర్ వేసింది. ఆపరేటర్ పోస్టు ఒకటి ఖాళీ ఉందని, పదో తరగతి లేకపోయినా మూడేళ్ళు ఆ పనిలో 'యాక్టింగ్' చేసినవాళ్ళు అర్జీ పెట్టుకోవచ్చని. యాక్టింగ్ అంటే బొగ్గు బాయిల దగ్గర అందరికీ తెలిసిన మాటే. కాగితం మీద ఒక పని, చేసేది అంతకన్నా పెద్ద పని. ఈ సర్క్యులర్ సంగతి చెప్పింది దూలయ్య. ఆయన పినపాక వైపు కోయ మనిషి, టైం ఆఫీసులో హాజరు పట్టీ రాసేవాడు. అర్జీ కూడా ఆయనే రాసి, లాలి చేత వేలిముద్ర వేయించాడు.

పది రోజుల్లో జవాబు వచ్చింది. దూలయ్య దాన్ని రెండుసార్లు చదివాడు.

"ఏం రాసిండ్రే అన్నా?"

"నువ్వు మిషిన్ ముట్టినట్టు రికార్డు లేదంట లాలక్కా. నీది తుడిచే పని మాత్రమేనంట. ఇగ మీదికెళ్ళి మజ్దూర్లెవలు మిషిన్ ముట్టద్దని మెమో గూడ ఇచ్చిండ్రు."

లాలి ఏడవలేదు. ఆమెకు కోపం వస్తే గొంతు తగ్గుతుంది. "మంచిది. ముట్టద్దంటే ముట్ట," అంది.

ఆ మర్నాటినుంచి ముట్టలేదు. చెప్పిన పని చెప్పినట్టు చేసింది. నేల తుడిచింది, అద్దాలు తుడిచింది, మెప్పు కాగితం కూడా తుడిచింది. రెండింటికి విశ్వనాథం మూడక్షరాలు కొట్టాడు. యంత్రం టేపు అడిగింది. ఏడేళ్ళుగా టేపు ఎక్కించని చేతులు కదా, సందులో దూర్చబోతే బయటికి వచ్చింది. రెండోసారి మడత పడింది. మూడోసారి యంత్రమే ఆగిపోయింది. చక్రపాణి గదిలోంచి పరిగెత్తుకొచ్చాడు.

"ఏమిటిది? నెలాఖరు పని పెట్టుకుని మిషిన్ ఆగిపోతే నువ్వు కిటికీ తుడుస్తున్నావా?"

"అవ్ సారు. కిటికీకి దుమ్మున్నది."

"వెళ్ళి ఆ టేపు వెయ్యి."

"ఎట్లేస్త సారు? ముట్టద్దని మీరే మెమో ఇచ్చిండ్రు. నేను మిషిన్ ఎన్నడు ముట్టలేదని గూడ రాసిండ్రు. ముట్టనోళ్ళకు టేపు ఎయ్యొస్తదా?"

విశ్వనాథమే మళ్ళీ టేపు అందుకున్నాడు. ఎనిమిది రోజులు ఆ గది అలాగే కుంటింది. తొమ్మిదో రోజు మిషిన్ నడపడానికి హైదరాబాద్ నుంచి ఒక ఆపరేటర్ వచ్చాడు, లాలిని బొగ్గు జల్లెడ పట్టే చోటికి బదిలీ చేశారు. తుడవడానికి వీల్లేనంత దుమ్ములో నిలబెట్టారన్నమాట. ఆమె ఆ దుమ్ములో నిలబడే ఖమ్మం లేబర్ ఆఫీసుకు అర్జీ పంపింది.

విచారణ తేదీ వేశారు. దూలయ్య హెచ్చరించాడు: "నోటిమాట నడ్వదు లాలక్కా. సాక్ష్యం గావాలె. విశ్వనాథం సారు మేనేజర్ ముంగట నోరు తెరుస్తడని నాకైతే నమ్మకం లేదు."

ఆ ఆదివారం మధ్యాహ్నం లాలి ఇంట్లో చేతులు ముడుచుకుని కూర్చుంది. పదమూడేళ్ళ పని. దానికి సాక్ష్యం ఒక్కటీ లేదు. దేవ్‌సింగ్ చనిపోయిన రోజు తర్వాత అంత ఒంటరిగా ఆమెకు ఎప్పుడూ అనిపించలేదు. అత్త రూప్లి ఎప్పటిలాగే తడికకు ఆనుకుని ఆకు నములుతోంది. తలుపులోంచి ఎండ వచ్చి ఆమె వెనక తడిక మీద పడింది. అందులో ఒక వరస లాలి కంటికి తగిలింది. మౌంట్ టేప్, టేపు ఎక్కించమని. దాని పక్కన గంట, నిమిషం, తేదీ.

"అత్తా, జరుగు," అంది.

"ఏమైందే?"

"జరుగుమన్న!"

ఆమె తడికలన్నీ వరసగా చూసింది. మొత్తం ఏడు. ఎడమ నుంచి నాలుగోది 1984 నాటిది. యంత్రానికి మాటలతో పాటు అంకెలు కూడా వచ్చు, లాలికి కూడా వచ్చు. మాఘం పదిహేడు రోజులూ అక్కడున్నాయి. ప్రతి రోజు మొదట్లో కె, వి, ఎన్. ఆమె కొడవలి తెచ్చి తడిక కట్లు కోయడం మొదలుపెట్టింది. రూప్లి లబలబలాడింది.

"కోడలికి పిచ్చి పట్టిందమ్మో! ఇంటి గోడ కోస్తుంది! కుక్కలొస్తే నేనేడ పండుకోవాలె?"

"కుక్కలొస్తె నన్ను పిలువు. నేను ఖమ్మంల ఉంట."

దూలయ్యకు సంగతి తెలిసి ఎగిరి గంతేసినంత పని చేశాడు. కాశీకి పోయిన పదిహేడు రోజులూ విశ్వనాథం సెలవులో ఉన్నట్టు హాజరు పట్టీలో తన చేత్తోనే రాశాడు మరి. ఆ పట్టీని విచారణకు తెచ్చేది కూడా చక్రపాణే, లాలి పేరు ఎదురుగా 'మజ్దూర్' అని ఉన్నట్టు చూపించడానికి.

ఖమ్మం బస్సు కండక్టర్ తడికను చూసి తగవుకొచ్చాడు. "గిదేంది, ఇల్లు ఖాళీ చేస్తున్నవా?"

"ఇల్లు గాదు, సాక్ష్యం. పైన ఏసి తాడు గట్టు. వాన పడ్తె పట్టా నేనే కప్పుత."

లేబర్ ఆఫీసులో తడిక తలుపులో పట్టలేదు. అడ్డంగా తిప్పి లోపలికి తెచ్చారు. ఆఫీసరు నడివయసు మనిషి. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. చక్రపాణి ఫైళ్ళతో, విశ్వనాథం చెమటలతో ఒక పక్కన కూర్చున్నారు.

"సార్, ఇది చెత్త కాగితం. ఎప్పుడో తగలబెట్టాల్సింది," అన్నాడు చక్రపాణి.

"చెత్తనే సారు. కని ఎవలి మిషిన్ చెత్తనో చెప్పుండ్రి," అంది లాలి.

 ఆఫీసరు దగ్గరకొచ్చి చూసి చక్రపాణిని అడిగాడు. "మీ యంత్రం కాగితమే కదండీ?"

"మా యంత్రానిదే. కానీ చూడండి, అన్నిట్లోనూ కె.వి.ఎన్. అనే ఉంది. నడిపింది విశ్వనాథం అనడానికి ఇదే సాక్ష్యం."

"ఆ పట్టీ తీయుండ్రి సారు. మాఘం నెలది," అంది లాలి.

ఆఫీసరు పట్టీ అడిగి తీసుకున్నాడు. కాగితం మీద తేదీ, పట్టీలో తేదీ వేలితో పక్కపక్కన పెట్టి చూశాడు. ఒకటి, రెండు, మూడు.  పదిహేడూ చూశాక తలెత్తి విశ్వనాథాన్ని అడిగాడు. "ఈ పదిహేడు రోజులూ మీరెక్కడున్నారు?"

విశ్వనాథం మేనేజర్ వైపు చూశాడు. ఆ తర్వాత తడిక వైపు చూశాడు. 

"కాశీలో ఉన్నాను సార్," అన్నాడు చివరికి. "ఆవిడే నడిపింది. ఆ పదిహేడు రోజులే కాదు, ఏడేళ్ళూ ఆవిడే నడిపింది. పేరు నాది."

చక్రపాణి లేచి నిలబడ్డాడు. "సార్, ఈవిడకు అక్షరం ముక్క రాదు! ఎవరో వచ్చి కొట్టి ఉంటారు. కావాలంటే చదవమనండి!"

"చదువుత," అంది లాలి.

ఆఫీసరు తడిక మధ్యలో ఎక్కడో ఒక చోట వేలు పెట్టాడు. లాలి దగ్గరగా వంగింది.

"ఇది మిషిన్ అడుగుడు. రెండు వందల పద్నాలుగో టేపు ఎయ్యమన్నది. ఏసిన. గిదో, మూడు నిమిషాలకు మళ్ళ అదే టేపు అడిగింది. ఎందుకో ఎర్కనా? టేపు ఎన్క రింగు పెడితెనే మిషిన్ దాని మీద రాస్తది. నేను రింగు పెట్టుడు మర్సిన. తప్పు నాదే. గీడ రింగు పెట్టి ఏసిన, గీడ పని నడిసింది. ఇగ కింద జూడుండ్రి, కరెంటు పోయింది. నలభై నిమిషాలు ఏం లేదు. ఆ నలభై నిమిషాలు నేను మిషిన్ మీద చెయ్యేసి కూసున్న, వేడి అయితదేమోనని. అది కాగితం మీద లేదు, నాకెర్క."

విశ్వనాథం వరస వరస చదువుతూ తల ఊపుతున్నాడు. ఆమె రింగు మరిచిన సంగతి ఆయనకు కూడా అప్పటిదాకా తెలియదు. ఆఫీసరు చక్రపాణి వైపు తిరిగి, ఇంకేమైనా చెబుతారా అని అడిగాడు. ఆయన ఫైళ్ళు సర్దుకున్నాడు.

ఆఫీసు గుమాస్తా తడిక వెనక వెదురు బద్దకు ఒక నంబరు చీటీ అంటించి, రబ్బరు ముద్ర కొట్టాడు. నకలు రాసుకున్నాక తడికను లాలికి తిరిగి ఇచ్చారు. ఆమె దాన్ని మళ్ళీ ఇంటికి కట్టింది, ముద్ర బయటికి కనిపించేటట్టు. ఇప్పుడు మనింటి గోడకు సర్కారు ముద్ర ఉందని రూప్లి తండా అంతా చెప్పుకుని తిరిగింది. కుక్కల సంగతి మరిచిపోయింది.

తీర్పు లాలి వైపే వచ్చింది. అయినా కంపెనీ ఆర్డరు రావడానికి రెండేళ్ళు పైన పట్టింది. పైకి రాశారు, పక్కకు రాశారు, కింద పడేశారు. లాలి నెలకోసారి జల్లెడ దుమ్ము దులుపుకుని ఆఫీసుకు పోయి, నా ఆర్డరేదని అడిగి వచ్చేది. అలసిపోలేదా అంటే అలసిపోయింది. ఆగలేదు. 1991 చివర్లో ఒక సోమవారం ఆర్డరు చేతికొచ్చింది: ధరావత్ లాలి, కంప్యూటర్ ఆపరేటర్. అదే వారం ఇంకో సర్క్యులర్ కూడా వచ్చింది. పెద్ద యంత్రాన్ని నెలాఖరున ఆపేస్తున్నారు, బల్లల మీద పెట్టుకునే చిన్న కంప్యూటర్లు వచ్చేశాయి.

చక్రపాణి ఆమెను గదికి పిలిచాడు. జుట్టు నెరిసింది, గొంతు కూడా కాస్త మెత్తబడింది. "ఆర్డరు వచ్చింది కదా లాలీ, సంతోషం. మిషినే పోతోంది, ఇంక ఆపరేటర్ ఎందుకు చెప్పు? ఈ పదిహేను రోజులూ సెలవు పెట్టుకుని ఇంటి దగ్గర ఉండు."

"పదిహేను దినాలంటె పదిహేను షిఫ్టులు సారు. ఒక్కటి గూడ ఇడువ."

రెండింటికి చెప్పులు బయట విడిచి లోపలికి పోయింది. మూడేళ్ళ తర్వాత ఆ చల్లగాలి ముఖానికి తగిలింది. ఆపరేటర్ కుర్చీలో కూర్చుంది. ఇన్నాళ్ళూ ఆ కుర్చీ ముందు నిలబడే కొట్టేది, ఎవరైనా వస్తే పక్కకు జరగాలి కదా. చెయ్యి మీటల మీద పెట్టింది. వేలు దానంతటదే కె మీదికి పోయింది. ఆపి వెనక్కి తీసుకుంది. వెతుక్కుని తన పేరుకు డి కొట్టింది. ఎల్ కొట్టింది. యంత్రం కాసేపు గురగురమని, గంట, నిమిషం వేసి, నేను సిద్ధమని రాసింది. ఎవరైతే ఏంటి, సర్దార్‌కు పని కావాలి. లాలికి మాత్రం కళ్ళు నిండిపోయాయి. ఆ గదిలో నీటి చుక్క పడకూడదని రూలు. కొంగుతో తుడుచుకుని మొదటి టేపు ఎక్కించింది, రింగు పెట్టి.

పదిహేనో రోజు గది నిండా జనం. హైదరాబాద్ నుంచి పెద్ద ఆఫీసర్లు, మెడలో టైలు, కెమెరాతో ఒకాయన. యంత్రం ఆపేముందు అందరూ దాని పక్కన నిలబడ్డారు. ఫొటో తీసేవాడు కెమెరాలోంచి చూసి చెయ్యి ఊపాడు.

"అమ్మా, నువ్వు కొంచెం పక్కకు జరుగు. తుడిచే గుడ్డ అక్కడ పెట్టి జరుగు."

గదిలో ఒకరిద్దరు నవ్వారు. లాలి కుర్చీలోంచి లేవలేదు.

"నేను జరిగితె మిషిన్ ఎవలు ఆపుతరు?"

 ఆపడమంటే మీట నొక్కడం కాదు. లోపలి పనులు ఒక్కొక్కటిగా ముగించి, సర్దార్‌కు చెప్పవలసిన మాటలు వరసగా చెప్పాలి. హైదరాబాద్ నుంచి వచ్చిన ఆపరేటర్ వెనక్కి పోయాక, ఆ వరస ఆ గదిలో ఒక్క మనిషికే తెలుసు. "ఆవిడను ఉండనివ్వండి," అన్నాడు చక్రపాణి.

లాలి వరస మొదలుపెట్టింది.  చివరి మాట కొట్టాక టైపు మిషన్ ఒక్కసారి కదిలి ఆగిపోయింది. టేపులు ఆగాయి. పదహారేళ్ళుగా ఆ గదిని నింపిన హోరు ఆగిపోయి, దూరంగా బాయి దగ్గర టబ్బులు కొట్టుకునే చప్పుడు వినిపించింది. అప్పుడు మెరిసింది కెమెరా.

ఫొటో తీసినాయన చిన్న పుస్తకం తెరిచి, ఎడమ నుంచి ఒక్కొక్కరి పేరూ హోదా రాసుకుంటూ వచ్చాడు. లాలి దగ్గరకొచ్చి ఆగాడు.

"పేరు?"

"ధరావత్ లాలి."

రాసుకుని పుస్తకం మూయబోయాడు. లాలి వేలు పెట్టి ఆ పేజీని పట్టుకుంది. చదువు రాదు గానీ, అందరి పేర్ల పక్కనా రెండు మాటలుంటే తన పేరు పక్కన ఖాళీ ఉందని కంటికి తెలుస్తూనే ఉంది.

"ఇంకోటి రాయాలె. ఆపరేటర్ అని రాయి. నేను జూస్త."

అతను రాసేదాకా ఆమె వేలు తీయలేదు.